చెయ్యి కదలక ముందు బుర్రలో ఏం జరుగుతుంది: ఒక సంతాప సందేశంలోని మాటలకి అర్థం

మా పక్కింటి అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. మొన్న సాయంత్రం ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "మాస్టారూ, ఇది సంతాపమా, సిలబస్సా?" అని అడిగింది. ప్రాజెక్టు కోసం ఏదో వెతుకుతుంటే, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు, మెదడు సంకేతాలతో యంత్రాన్ని నడిపే పని మీద పరిశోధన చేసిన తమ సహోద్యోగి కృష్ణ షెనాయ్ పోయినప్పుడు రాసుకున్న మాటలు కనబడ్డాయట. ఆయన 2023 జనవరి 21న పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయాడు, 54 ఏళ్లకే. మంచి గురువు, చాలామందిని తయారుచేశాడు అన్నంత వరకు ఆ పిల్లకి అర్థమైంది. ఆ తర్వాత డీకోడర్, పాపులేషన్, డైనమిక్స్ అని మొదలయ్యేసరికి ఆగిపోయింది.

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఎవరైనా పోతే రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కడతారు. పైన ఒడియాలో, కింద తెలుగులో, మధ్యలో ఫొటో, పెద్దకర్మ తారీఖు. ఆ మనిషి బతికినన్నాళ్లూ ఏం పని చేశాడో ఆ ఫ్లెక్సీలో ఒక్క ముక్క ఉండదు. ప్రయోగశాలల సంతాపాలు దీనికి తలకిందులు, వాటిలో సగం పని గురించే. పని అర్థం కాకపోతే వాళ్లు ఎవరి కోసం ఏడుస్తున్నారో కూడా సగమే అర్థమవుతుంది. పైగా ఈ మధ్య "బుర్రలో చిప్ పెట్టి మనసులో మాట చదివేస్తున్నారు" అని ఫార్వర్డ్‌లు తెగ తిరుగుతున్నాయి. పాతపట్నంలో మా బావ దగ్గర నుంచి నాకే మూడుసార్లు వచ్చింది. అందుకని మొదటి నుంచీ చెప్పుకొద్దాం.

బుర్రకీ లెక్కకీ ఏమిటి సంబంధం

ఈ శాస్త్రాన్ని కంప్యూటేషనల్ న్యూరోసైన్స్ అంటారు. పేరు వినగానే కంప్యూటర్ గుర్తొస్తుంది గానీ, ఇక్కడ కంప్యూటేషన్ అంటే లెక్క కట్టడం, అంతే. ఆ లెక్క కట్టేది వేళ్లయినా కావచ్చు, గులకరాళ్లయినా, నరాలైనా.

దీన్ని అందరికంటే స్పష్టంగా విడదీసి చెప్పినవాడు డేవిడ్ మార్ అనే ఇంగ్లీషాయన. ఏ లెక్కనైనా మూడు అంతస్తుల్లో చూడాలన్నాడు. మన సంతలోకి తీసుకొచ్చి చెబుతాను. కొండ నుంచి చింతపండు దింపుకొచ్చిన సవర ముసలామె మూడు కుంచాల చింతపండుకి ఎంత రావాలో క్షణంలో చెప్పేస్తుంది. మొదటి ప్రశ్న, ఆమె కడుతున్న లెక్క ఏమిటి, ఎందుకు? ధరని కొలతతో హెచ్చవేయడం, మోసపోకుండా ఉండటానికి. రెండోది, ఏ పద్ధతిలో? బహుశా మూడుసార్లు కూడుకుంటుంది, లేకపోతే రెండింటికి చెప్పి ఒకటి కలుపుతుంది. మూడోది, దేనితో? వేలి కణుపులతో. పక్కనే ఉన్న షావుకారు అదే లెక్క కాలిక్యులేటర్ మీద కడతాడు. మొదటి అంతస్తు ఇద్దరికీ ఒకటే, కింది రెండూ వేరు. కాలిక్యులేటర్ విప్పి లోపలి ముక్కలన్నీ బల్ల మీద పరిచినంత మాత్రాన షావుకారు ఏం లెక్క కడుతున్నాడో తెలియదు కదా. అలాగే, నరాలను ఎంత చక్కగా బొమ్మ గీసినా అవి కట్టే లెక్క ఏమిటన్నది విడిగా అడగాల్సిన ప్రశ్నే.

ఆ బొమ్మ అక్కర్లేదని కాదు. మద్రాసు ఐఐటీ వాళ్లు 2024 డిసెంబరులో కడుపులోని బిడ్డ మెదడుకి 5,132 పొరలతో త్రీడీ పటం విడుదల చేశారు. దానికి ధరణి అని పేరు పెట్టారు. పటం గీసేవాళ్లు కొందరు, లెక్క వెతికేవాళ్లు కొందరు. షెనాయ్ రెండో రకం. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, డాక్టరు కాదు. ఇలాంటి ప్రయోగశాలల్లో ఇంజినీర్లూ, నరాల డాక్టర్లూ, గణితం వాళ్లూ ఒకే గదిలో కూర్చోవడం మామూలే.

ఒక్క కణం ఎంత చెబుతుంది

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నరాల కణాలు ఉంటాయి. ఒక్కో న్యూరాన్ చేసే చప్పుడు చాలా చిన్నది. వోల్టులో పదో వంతు ఎత్తున, సెకనులో వెయ్యో వంతు సేపు, ఒక విద్యుత్ దెబ్బ. దాన్ని స్పైక్ అంటారు. ఈ దెబ్బ ఎలా పుడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు 1952లో సమీకరణాలతో చెప్పారు, అదీ ఒక రకం సముద్రపు జీవి (స్క్విడ్) లావుపాటి నరం మీద ప్రయోగాలు చేసి. అప్పుడు విశ్వవిద్యాలయం కంప్యూటర్ అందుబాటులో లేక హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద ఆ సమీకరణాలు సాధించాడు. 1963లో నోబెల్ వచ్చింది.

స్పైక్ దెబ్బలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకని చూడాల్సింది దెబ్బ ఎంత గట్టిదని కాదు, సెకనుకి ఎన్ని పడ్డాయని. వీటిని వినడానికి మెదడు పైపొరలోకి సన్నని సూదుల పలక ఒకటి దించుతారు. ఒక్కో వైపు 4 మిల్లీమీటర్లు, అంటే మినపగింజంత. దాని మీద దగ్గర దగ్గర వంద సూదులు, ఒక్కోటి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర పొడవు. పెట్టేది చేతినీ నోటినీ కదిలించే చోట, మోటార్ కార్టెక్స్ అనే భాగంలో. 8,600 కోట్లలో వంద చోట్ల చెవి పెట్టి వింటున్నారన్నమాట! ఊళ్లో వంద గోడలకి గ్లాసు ఆనించి రాష్ట్రం సంగతి చెప్పడం లాంటిది. అయినా పని జరుగుతుంది. అదెలాగన్నదే డీకోడర్ అనే మాట.

నాలుగు తాళ్ల రథం: డీకోడర్ అంటే ఇదే

రథయాత్ర నాడు మా ఊళ్లో తాడు పట్టుకోని మగపిల్లాడు ఉండడు. ఇప్పుడు ఒక వింత రథం ఊహించుకోండి. దానికి నాలుగు దిక్కులకీ నాలుగు తాళ్లు. ఒక్కో తాడు ఒక్కో న్యూరాన్. తూర్పు న్యూరాన్ అంటే, చెయ్యి తూర్పుకి వెళ్లాలనుకున్నప్పుడు బాగా మోగేది, పడమటికైతే నీరసపడేది. ప్రతి న్యూరాన్‌కీ ఇలా ఇష్టమైన దిక్కు ఒకటి ఉంటుందనీ, అందరి ఓట్లూ కలిపితే చెయ్యి పోయే దారి తెలుస్తుందనీ జార్జోపౌలస్ బృందం 1986లో చూపించింది.

అంకెలు వేద్దాం (ఇవి నేను వేసుకున్న ఉదాహరణ అంకెలు). ఊరికే ఉన్నప్పుడు నాలుగూ సెకనుకి 20సార్లు మోగుతాయనుకోండి. ఇప్పుడు తూర్పుది 34, ఉత్తరానిది 34, పడమటిది 6, దక్షిణానిది 6 మోగాయి. తూర్పు తాడు మామూలు కంటే 14 ఎక్కువ లాగింది. పడమటి తాడు 14 సడలింది, అది సడలడమంటే రథాన్ని తూర్పుకి వదలడమే, కాబట్టి మొత్తం తూర్పుకి 28. ఉత్తరానికీ అదే లెక్కన 28. రెండూ సమానం కాబట్టి చెయ్యి పోవాలనుకున్నది ఈశాన్యానికి. వాస్తు పంతులు అక్కర్లేకుండా తేలిపోయింది. న్యూరాన్ల మోత నుంచి మనిషి ఉద్దేశాన్ని ఇలా తేల్చే లెక్కే డీకోడర్.

కానీ న్యూరాన్లు గడియారాలు కావు. అదే పని రెండోసారి చేస్తే తూర్పుది 30, ఉత్తరానిది 37, పడమటిది 8, దక్షిణానిది 5 మోగొచ్చు. ఇప్పుడు తూర్పుకి 10, 12 కలిపి 22, ఉత్తరానికి 17, 15 కలిపి 32. రథం దాదాపు పది డిగ్రీలు ఉత్తరానికి ఒరిగింది. నాలుగు తాళ్లయితే ఈ తప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వంద తాళ్లయితే ఒకడు ఎక్కువ లాగిందీ ఇంకొకడు తక్కువ లాగిందీ చాలావరకు సర్దుకుపోతుంది. పాపులేషన్ అన్న మాటకి అర్థం ఇదే, గుంపు లెక్క. ఏ ఒక్క న్యూరాన్ మాటనీ నమ్మకుండా గుంపు మొత్తం వాటం చూడటం.

తాళ్లు బిగిసినా రథం కదలదేం?

ఇక్కడి దాకా తేలికే. చిక్కు ఇక్కడ మొదలవుతుంది, నాకు అన్నిటికంటే నచ్చిన భాగమూ ఇదే. మీరు గ్లాసు అందుకోబోయే ముందు, చెయ్యి ఇంకా కదలకుండానే, ఆ మోటార్ కార్టెక్స్‌లో న్యూరాన్లు మోగడం మొదలవుతుంది. ఆ న్యూరాన్లే కదా కండని కదిలించేవి? మరి అవి మోగుతున్నా చెయ్యి ఎందుకు ఊరుకుంది?

చాలాకాలం చెప్పుకున్న జవాబు, ఎక్కడో ఒక గేటు ఉంటుంది, అది తెరిచేదాకా ఆగుతుంది అని. షెనాయ్ ప్రయోగశాల నుంచి 2014లో వచ్చిన పని వేరే జవాబు చెప్పింది. మళ్లీ అంకెలు. కండకి అందేది రెండు న్యూరాన్ల మొత్తం అనుకుందాం. ఊరికే ఉన్నప్పుడు 20, 20, మొత్తం 40. కుడివైపు వెళ్లడానికి సిద్ధపడేటప్పుడు 30, 10. మొత్తం 40. ఎడమవైపుకి సిద్ధపడితే 10, 30. అదీ 40. కండకి 40 తప్ప ఏమీ కనబడదు కాబట్టి అది కదలదు. కానీ 30, 10 అన్నదానికీ 10, 30 అన్నదానికీ బోలెడు తేడా, లోపల ఏ పక్కకి వెళ్లాలో అప్పుడే నిర్ణయమైపోయింది. తర్వాత 35, 30 అయితే మొత్తం 65, అప్పుడు కండ లేస్తుంది. అంటే విడిగా గేటు లేకపోయినా, గుంపులోని సర్దుబాటుతోనే ఆగడమూ కుదురుతుంది.

రథం కదలబోయే ముందు తాడు పట్టుకున్న ఎవరినైనా అడగండి. జనం ఇంకా "జై జగన్నాథ్" అనలేదు, చక్రం అంగుళం కదల్లేదు. కానీ అరచేతిలో కొబ్బరిపీచు గుచ్చుకుంటూ ఉంటుంది, తాడు సన్నగా వణుకుతుంటుంది, ముందున్నవాడి మడమలు మట్టిలో దిగిపోయి ఉంటాయి. దూరం నుంచి చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇక డైనమిక్స్. 2012లో ఇదే బృందం ఇంకో మాట అంది. ఒక్కో న్యూరాన్‌కి ఇష్టమైన దిక్కేదని వెతకడం కంటే, గుంపు మొత్తాన్ని ఉయ్యాలలా చూడండి అని. ఉయ్యాలని ఎంత వెనక్కి లాగి, ఏ వాలున వదిలామో అన్నదాన్ని బట్టి ఆ తర్వాతి ఊపు అంతా దానంతట అదే నడుస్తుంది. సిద్ధపడటం అంటే వెనక్కి లాగడం, కదలడం అంటే వదలడం. న్యూరాన్ల గుంపు లెక్కల్ని గీసి చూస్తే నిజంగానే సుడి తిరుగుతున్నట్టు కనబడింది.

దీని మీద తగువు ఉంది. పాతవాదులు అంటారు, దిక్కులు చెప్పే న్యూరాన్లు కంటికి కనబడుతుండగా ఉయ్యాల కథ ఎందుకని. ఇంకొందరు, న్యూరాన్లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా మోగితే చాలు, గీసినప్పుడు సుడి దానంతట అదే వచ్చేస్తుంది, అందులో మెదడు గొప్పతనమేమీ లేదన్నారు. ఉయ్యాల పక్షం వాళ్లు అంకెల్ని కావాలని కలగాపులగం చేసి చూసి, అప్పుడు సుడి అంత బలంగా రావడం లేదని చూపించారు. నాకు తోచినంతలో ఇద్దరూ పూర్తిగా గెలవలేదు. దిక్కుల లెక్క తేలిక, నేర్పడానికి బాగుంటుంది, పరికరం నడపడానికీ చాలావరకు సరిపోతుంది. కానీ కదలక ముందు మోగే మోత ఏమిటన్నదానికి దాని దగ్గర మంచి జవాబు లేదు. ఉయ్యాల లెక్కకి అది ఉంది, పైగా దాన్ని వాడి చేసిన డీకోడర్లు కొన్ని మెరుగ్గా పనిచేశాయి కూడా.

ఇంకో తగువు చెప్పకుండా దాటేయకూడదు. ఈ జ్ఞానంలో చాలా భాగం కోతుల మెదళ్ల నుంచి వచ్చింది. హనుమంతుడికి మంగళవారం అరటిపళ్లు పెట్టే ఊరివాళ్లం, వినగానే ఒళ్లు జలదరిస్తుంది. సూటిగా మనిషి తలలో పెట్టి చూడటం తప్పని ఒక పక్షం, నోరులేని జీవిని బోనులో పెట్టి నేర్చుకోవడం తప్పని ఇంకో పక్షం. ఈ రెండిట్లో దేన్నీ కొట్టిపారేయలేను.

మరి మనసులో మాట చదివేస్తున్నారా

ఫార్వర్డ్‌ల సంగతికి వద్దాం. 2021లో షెనాయ్ బృందం ఒక ఫలితం ప్రకటించింది. మెడ కింద నుంచి చచ్చుబడిన ఒకాయన కాగితం మీద అక్షరాలు రాస్తున్నట్టు ఊహించుకున్నాడు. చెయ్యి కదల్లేదు. చేతి భాగంలో పెట్టిన సూదుల నుంచి వచ్చిన మోతని బట్టి యంత్రం ఏ అక్షరమో పట్టుకుంది, నిమిషానికి 90 అక్షరాలు. ఆ వయసువాళ్లు ఫోన్ మీద టైప్ చేసేది సుమారు 115. తప్పులు దిద్దే సాఫ్ట్‌వేర్ లేకుండానే నూటికి 94 సరిగ్గా వచ్చాయి.

తర్వాత 2023 ఆగస్టులో మాట. కండలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బుతో మాట పోయిన ఒకావిడ మాట్లాడటానికి ప్రయత్నిస్తుంటే యంత్రం నిమిషానికి 62 మాటలు తెర మీద వేసింది. లక్షా పాతిక వేల మాటల పట్టికలో నాలుగింటికి ఒకటి తప్పు పడింది. అచ్చంగా 50 మాటలకే పరిమితమైతే తప్పులు నూటికి 9.

రెండుచోట్లా గమనించాల్సింది ఒకటే. యంత్రం పట్టుకున్నది ఆలోచనని కాదు, ప్రయత్నాన్ని. చెయ్యి కదిలించాలని, నోరు కదిలించాలని ఆ మనిషి పూనుకుంటేనే ఆ చోట మోత పుడుతుంది. ఆమె అత్తగారి మీద మనసులో ఏమనుకుంటోందో అక్కడ వినబడదు.

ఇక్కడ ఆపేస్తే నేనూ ఫార్వర్డ్ పంపినవాళ్లలాగే సగం నిజం చెప్పినవాణ్ని అవుతాను. 2025లో అదే స్టాన్‌ఫర్డ్ వాళ్లు, పైకి ప్రయత్నం చేయకుండా లోలోపల అనుకున్న మాట కూడా అదే చోట కొంత వినబడుతుందని చూపించారు. మోత బలహీనంగా ఉంటుంది, తప్పులు ఎక్కువ. అయినా వినబడింది కాబట్టి, మనిషి మనసులో ఒక సంకేతపు మాట అనుకుంటేనే యంత్రం వినడం మొదలుపెట్టేలా తాళం కూడా వాళ్లే పెట్టి చూశారు. భయపడేవాళ్ల దగ్గరా విషయముంది, కొట్టిపారేసేవాళ్ల దగ్గరా ఉంది. తల తెరిచి ఆపరేషన్ చేయకుండా, మనిషి గంటల తరబడి కూర్చుని యంత్రానికి నేర్పకుండా ఇవేవీ జరగవన్నది మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకునేదే. ఎలన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ 2024 జనవరిలో మొదటిసారి మనిషికి పెట్టింది కూడా ఈ కోవదే, దాని వెనకున్న లెక్కలు ఎక్కువగా ఇలాంటి విశ్వవిద్యాలయాల్లో ముందే పుట్టినవి.

మనిషి పోయాక పని ఏమవుతుంది

పైన చెప్పిన ఆ 2023 ఆగస్టు వ్యాసంలో రచయితల వరసలో షెనాయ్ పేరుంది. ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. ఈ పనిలో కాగితం వెలువడటానికి అంత టైమ్ పడుతుంది, ఒక ప్రయోగానికి ఏళ్లు. ఒక మనిషి పోతే ప్రయోగశాల తాళం వేయడం కుదరదు, ఎందుకంటే ఎవరో ఒకరి తలలో ఆ సూదులు ఇంకా ఉన్నాయి. ఆ మనిషి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి, యంత్రాన్ని సరిచేయాలి. న్యూరాన్ల మోత రోజురోజుకీ కొంచెం జరుగుతుంది, నిన్నటి లెక్క ఇవాళ అచ్చంగా పనిచేయదు. షెనాయ్‌తో కలిసి ఆ ప్రయోగశాలని నడిపిన న్యూరోసర్జన్ జేమీ హెండర్సన్ ఉన్నాడు, శిష్యులు వేరే వేరే చోట్ల ప్రొఫెసర్లయ్యారు. ఆ శాల కొలిచిన కొన్ని అంకెలు ఎవరైనా దింపుకుని వాడుకునేలా బయట పెట్టి ఉన్నాయి. మా పక్కింటి అమ్మాయి ప్రాజెక్టుకి వాడబోతున్నదీ అవే.

పైన చెప్పిన డేవిడ్ మార్ కూడా అంతే. లుకేమియా వచ్చి 1980 నవంబరులో, 35 ఏళ్లకి పోయాడు. చూపు గురించి ఆయన రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ మూడు అంతస్తుల మాట జనంలోకి వెళ్లింది ఆ పుస్తకం నుంచే.

ఈ మాటలు రాస్తుంటే మా ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తురాకుండా ఎలా ఉంటారు. రాజావారి స్కూల్లో పాఠాలు చెబుతూ సవర గూడేలకి తిరిగి, వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టాడాయన. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది, క్వినైన్ మింగి మింగి వినికిడి పోయింది. చెవి పోయాక కూడా భాష మీదే పని! 1940లో ఆయన పోతే కొడుకు సీతాపతి గారు సవర పనిని ముందుకు తీసుకెళ్లారు. ఇవాళ వినికిడి పోయిన లక్షల మందికి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్, శబ్దాన్ని విద్యుత్ దెబ్బలుగా మార్చి నేరుగా నరానికి అందిస్తుంది. నరానికీ యంత్రానికీ మధ్య మాట కలిపిన పరికరాల్లో ఎక్కువమందికి అందింది అదే. చిప్ అంటే బెదిరిపోయే మా బావ మేనకోడలి చెవిలో ఉన్నదీ అదే, ఆ సంగతి ఆయనకి తట్టలేదు.

యంత్రానికి తెలుగు వస్తుందా, అదీ మా తెలుగు

మా పక్కింటి అమ్మాయి చివరగా అడిగింది ఇది. జవాబు చెప్పాలంటే ఆ మాటల యంత్రం రెండు మెట్లలో పనిచేస్తుందని తెలియాలి. మొదటి మెట్టులో మోత నుంచి ధ్వనులు పట్టుకుంటుంది. ఇంగ్లీషుకైతే 39 ధ్వనులు. రెండో మెట్టులో ఆ ధ్వనుల వరస ఏ మాటలు అయి ఉండొచ్చో భాష తెలిసిన ప్రోగ్రామ్ ఊహిస్తుంది. "నాలుగింటికి ఒకటి తప్పు" దాకా అయినా వచ్చిందంటే ఈ రెండో మెట్టు సాయం చాలా ఉంది.

తెలుగుకి మొదటి మెట్టు ధ్వనులే వేరు. కల, కళ తేడా పట్టాలి, పడు, పాడు తేడా పట్టాలి. నాలుక ఎక్కడ తగులుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్నవి కదలికలే కాబట్టి సూత్రం ప్రకారం పట్టొచ్చు. అసలు తంటా రెండో మెట్టులో. మనం "వెళ్లొద్దామనుకుంటున్నానండీ" అని ఒకే మాటగా అనేస్తాం, ఇంగ్లీషులో అది అరడజను మాటలు. లక్షా పాతిక వేల మాటల పట్టిక తెలుగుకి ఏ మూలకీ సరిపోదు, మాటల్ని ముక్కలుగా విడదీసి చూసే ప్రోగ్రామ్ కావాలి.

ఇక మా సరిహద్దు తెలుగు. నేను "కాలి సంతకి వెళ్తాను" అన్నాననుకోండి. తెలుగులో కాలి అంటే కాలుకి సంబంధించినది. ఒడియాలో కాలి అంటే రేపు, సందర్భాన్ని బట్టి నిన్న కూడా. మా ఇంట్లో పిల్లలకి కూడా తడబాటు రాదు, వాక్యం మధ్యలోనే భాష మారిందని చెవికి తెలిసిపోతుంది. ఒక్క తెలుగే నేర్చిన ప్రోగ్రామ్ దాన్ని "కాలి నొప్పి" వైపు లాక్కుపోతుంది. రెండు భాషల మనిషికి యంత్రం చేయడం అసాధ్యమేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ వాళ్లు 2024లో స్పానిష్, ఇంగ్లీష్ రెండూ మాట్లాడే ఒకాయనకి చేసి చూపించారు, ఆయన ఏ భాషలో అనబోతున్నాడో కూడా యంత్రమే తేల్చుకుంది. అక్కడ రెండు భాషలకీ కొండంత రాత, కొండంత రికార్డింగు ఉంది. గుణుపురం బస్టాండులో వినబడే తెలుగుకి లేదు.

ఆ పిల్ల వాళ్ల నాయనమ్మ దగ్గర కూర్చుని ఇలాంటి కలిసిపోయిన మాటలు నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టింది. మొదటి పేజీ మొదటి మాట కాలి. పక్కన బ్రాకెట్లో "రేపు / నిన్న / పాదం" అని రాసి, ఎప్పుడు ఏదో నాయనమ్మని అడగాలి అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది.